గట్టిమేళం ఆగిన వైశాఖం

మా బావ రాజగోపాల్‌కు నోటితో పనులు రెండే. నాదస్వరం ఊదడం, మా ఆయన్ని తిట్టడం. ఆ ఏడాది వైశాఖంలో రెండో పని ఎక్కువై ఇల్లు ఇల్లుగా లేకుండా పోయింది. ఒకే పొయ్యి మీద వండిన అన్నాన్ని, ఒకరు తిని లేచాక ఇంకొకరు వచ్చి తినేవాళ్ళం.

మాది మారతహళ్ళి పాత ఊరు. చుట్టూ పీజీ హాస్టళ్ళు లేచిన సందులో మా మామగారు కట్టిన ఇల్లు. కింద బావ, ఆయన భార్య సావిత్రమ్మక్క, వాళ్ళ కూతురు సహన. మేడ మీద నేనూ మా ఆయన నాగరాజూ. అన్న కాబట్టి బావది నాదస్వరం, తమ్ముడు మా ఆయనది డోలు. బెళ్ళందూరు నుంచి అత్తిబెలె దాకా ఏ ఛత్రంలో పెళ్ళి జరిగినా మావాళ్ళ మేళం ఉండాల్సిందే. కానీ వ్యాను మీద పేరు ఒక్కటే ఉండేది, రాజగోపాల్ బృందం అని.

ఉగాదికి ఆ వ్యానుకు కొత్త రంగు వేయించారు. తన పేరు కూడా రాయించమని మా ఆయన అడిగాడు. నోరు తెరిచి అడగడం జన్మలో అదే మొదలు.

"డోలుకు పేరెందుకప్పా? శబ్దం వస్తే సాలదా?" అని బావ పెయింటరు ముందే నవ్వాడు.

మా ఆయనకు మండింది. "నా చెయ్యి లేకుంటే నీ ఊదుడు ఎవురు వింటారో సూస్తాలే అన్నా" అనేశాడు.

అనడంలో తప్పేముంది? నేనైతే ఇంకో నాలుగు కలిపి అనేదాన్ని. కానీ ఆ మాటే తర్వాత ఆయన మెడకు చుట్టుకుంది.

అత్తిబెలె పెళ్ళికి నేనూ వెళ్ళాను. మా పక్కింటి ఓబులమ్మ మనవరాలి పెళ్ళి. మేళం మొదలయ్యే ముందు బావ ఎప్పటిలాగే పెట్టెలోంచి ఎర్ర దారం తీసి, కుడిచేతి ఉంగరపు వేలికి బిగించి కట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. గంగమ్మ దారం అది. ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఒకసారి ఆ దారం ఇంట్లో మరిచిపోతే, హోసూరు దాకా వెళ్ళిన వ్యానును వెనక్కి తిప్పించాడు. ముహూర్తం మించిపోతుందని డ్రైవరు మొత్తుకున్నా వినలేదు. బావ భక్తి అంటే ఊళ్ళో అందరికీ గౌరవం.

పురోహితుడు చెయ్యెత్తాడు. "గట్టిమేళం! గట్టిమేళం!" అని నలుగురూ అరిచారు. బావ నాదస్వరం పైకి లేచింది. మా ఆయన కుడిచెయ్యి డోలు మీదికి వెళ్ళింది, వెళ్ళినదల్లా మధ్యవేలూ ఉంగరపు వేలూ అరచేతిలోకి ముడుచుకుపోయాయి. వేడి పెనం తగిలినట్టు ముడుచుకున్నాయి. ఎడమచేతి పుల్ల ఒక్కటే టక్ టక్ అంటోంది. ఆయన వేళ్ళు విదిలించాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ ముడుచుకున్నాయి. అక్కడ తాళి కట్టేస్తున్నారు. డోలు లేని గట్టిమేళం విని జనం అక్షింతలు వేయడం మరిచి మావైపు తిరిగారు.

ఓబులమ్మ నా మోచేయి పట్టుకుంది. "తాళి కట్టేటప్పుడు డోలు నిలిచిపాయనే పుష్పా! ఇది యా శకునమే తల్లీ?"

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో బావ అత్తిబెలె చెక్‌పోస్టు దాటేదాకా ఆగాడు. తర్వాత మొదలుపెట్టాడు. "సెప్పినట్టే సేసినావు కదరా. నా చెయ్యి లేకుంటే సూస్తానంటివి. సూపించినావు. ఇంకొకని కూతురి తాళి దగ్గరనా నీ పగ?"

"అన్నా, వేళ్ళు రాలేదన్నా. ఒట్టు."

మా ఆయన చేతిలో నీళ్ళ సీసా ఉంది. ఆ కుడిచేత్తోనే మూత తిప్పుతున్నాడు. బావ ఆ చేతిని చూపించాడు. "ఇదిగో, అందరూ సూడండప్పా. మూత తిప్పేకి వస్తాది. డోలు కొట్టేకి రాదు. దొంగ వేషం!"

ఆ రోజు నుంచి ఇంట్లో అదే మాట. దొంగ వేషం. రాగి ముద్ద పిసికి తింటుంటే దొంగ వేషం, స్కూటరు నడుపుతుంటే దొంగ వేషం, చొక్కా గుండీ పెట్టుకుంటుంటే దొంగ వేషం. నిజం చెప్పాలంటే నాకూ అర్థం కాలేదు. ఏ పనికైనా వంగే చెయ్యి డోలు ముందు కూర్చుంటేనే మొండికేసేది. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే తీశారు, నరాలకు కరెంటు పెట్టి చూశారు. అంతా బాగుందన్నారు. ఆ మాట కిందికి ఎలా చేరిందో గానీ చేరింది. "డాక్టరే సెప్పినాడంట, రోగం లేదని" అని సావిత్రమ్మక్క కుళాయి దగ్గర అందరికీ చెప్పింది. మరుసటి పెళ్ళికి ఆమె తమ్ముడు పునీత్ డోలు భుజానేసుకుని వచ్చేశాడు. వాడి వాయింపు రేకుల షెడ్డు మీద వాన పడ్డట్టు ఉంటుంది. అయినా సరే, వేళ్ళు ముడుచుకోవు కదా!

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం సహన మేడ మీదికి వచ్చింది. బావ కూతురు. పీహెచ్‌డీ చేస్తోంది. మెదడు మన కాళ్ళూ చేతులను ఎలా కదిలిస్తుందో అదే ఆమె చదువు. నాకు ఆ పిల్ల మీద పెద్ద ప్రేమేమీ లేదు. బావ ఆమెను చూపించి అందరి దగ్గరా మీసం దువ్వేవాడు మరి. మా ఆయన వరండాలో డోలు ముందు కూర్చుని ఒంటరిగా అవస్థ పడుతున్నాడు. సహన మెట్ల మీదే నిలబడి ఆయన వేళ్ళనే చూస్తోంది.

"చిన్నాయనా, ఇంకోసారి సెయ్యి. మెల్లగా."

"తమాషా సూసేకి వచ్చినావా?" అన్నాను.

"కాదు చిన్నమ్మా. చిన్నాయనను మా ల్యాబుకు తీసుకుపోతా. కొలిచి చూడాల."

"మా ఆయన ఏమన్నా ఎలుకనా కొలిచేకి? మెదడు రోగమని నువ్వు సర్టిఫికెట్ ఇస్తే, మీ నాయన ఈయన్ని పిచ్చోడని ఊరంతా సాటిస్తాడు. సాలు తల్లీ, పో."

మా ఆయనే లేచాడు. "పోదాం బిడ్డా" అన్నాడు. "వేషమో కాదో నాకే తెలీకుండా పోతా ఉండాది."

ఆ మాట విన్నాక నేనూ చెప్పులేసుకున్నాను.

ల్యాబు అంటే ఏదో అనుకున్నాను. ఒక చీకటి గది, ఒక తెర, ఇనుప చేతికి తగిలించిన పిడి ఒకటి. పిడి పట్టుకుని తెర మీద చుక్కను ఇంకో చుక్క దగ్గరికి తీసుకెళ్ళాలి. మా ఆయన ముంజేతికి వైర్లు అతికిస్తూ, ముందు నన్ను ఆ పిడి పట్టుకుని చూడమంది సహన. చూశాను. సగం దారిలో యంత్రం నా చేతిని పక్కకు తోసింది. తిట్టుకుంటూ మళ్ళీ మళ్ళీ చేశాను. కాసేపటికి చుక్క తిన్నగా వెళ్ళసాగింది. ఓస్, ఇంతేనా అనుకున్నాను. ఉన్నట్టుండి చుక్క అవతలి వైపుకు వంకరగా పోయింది.

"ఇప్పుడు ఎవురు తోసినారు చిన్నమ్మా?" అంది సహన.

"నీ మెషినే!"

"మెషిన్ ఆఫ్ చేసినా. నీ చెయ్యే పోయింది."

నేను పిడి వదిలేసి నా చేతిని చూసుకున్నాను. నేను తిన్నగానే పోవాలనుకున్నాను, నా చెయ్యి మాత్రం వంకరగా పోయింది.

"చెయ్యి కదిలేకముందే మెదడు లెక్క వేసుకుంటాది" అంది సహన. "తోస్తాదని లెక్క వేసింది, అదే నడిపించింది. నువ్వు కావాలని చేసినావా? చిన్నాయనదీ అంతే. మెదడులో ఒక్కో వేలికి ఒక్కో చోటు ఉంటాది. ఇన్నేండ్లు ఒకే పని చేసి చేసి పక్కపక్క చోట్లు కలిసిపోయినాయి. ఒక వేలిని కొట్టమంటే పక్కవి ముడుచుకుంటాయి. అది డోలు లెక్క. అన్నం తినే లెక్క వేరే, అందుకే అది బాగుండాది."

నాకు సగం అర్థమైంది. ఆ సగం చాలు.

వేళ్ళకు పెట్టిన వైర్లు జారిపోతున్నాయని సహన మా ఆయన చేతికి పల్చటి రబ్బరు గ్లౌజు తొడిగింది. ఎదురుగా మెత్తటి దిండు లాంటి పలక పెట్టి వాయించమంది. ఆయన అలవాటుగా భయపడుతూనే చెయ్యి వేశాడు. వేళ్ళు ముడుచుకోలేదు. ఇంకోసారి వేశాడు. తర్వాత ఆగలేదు, గట్టిమేళం మొత్తం ఆ పలక మీద వాయించేశాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే వచ్చిన వాయింపు ఎక్కడ పోతుందోనని తుడుచుకోలేదు.

సహన గంతేసినంత పని చేసింది. వెంటనే సర్దుకుని చెప్పింది. "ఇది మందు కాదు చిన్నాయనా. చర్మానికి తగిలేది మారింది కదా, మెదడు కాసేపు పాత తప్పు మరిచిపోతాది. ఒక్కొక్కరికి ఒక్కోటి పనిచేస్తాది. కొన్నాళ్ళకు పనిచేయకపోవచ్చు కూడా. కానీ ఇది నీ వేషం కాదని దీంతో తెలిసిపోయింది. ఆదివారం పెద్దాయన వస్తాడు కదా, ఆయన ముందర చూపిస్తాం."

పెద్దాయన అంటే పెద్దమునియప్ప. అన్నదమ్ములిద్దరికీ గురువు. మేళం వాళ్ళ తగవులన్నీ ఆయన దగ్గరే తెగుతాయి. మా ఆయన మేళం సెట్టులో ఉండాలో పోవాలో ఆదివారం ఆయన తేల్చాలి.

"వద్దు" అన్నాను. "మావాళ్ళు నీ కాలేజీవాళ్ళు కాదు. వాళ్ళకు ఇది ఇట్ల అర్థం కాదు."

"కండ్లారా చూస్తే నమ్మరా చిన్నమ్మా?"

చదువుకున్న పిల్ల. చూపిస్తే చాలు, నమ్ముతారనుకుంది.

ఆదివారం కింద హాల్లో చాప వేశారు. పెద్దమునియప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బావ, పునీత్ ఒకవైపు, మేమిద్దరం ఇంకోవైపు. సహన మధ్యలో నిలబడి బడిపంతులమ్మలా చెప్పుకొచ్చింది. ముందు గ్లౌజు లేకుండా వాయించమంది. వేళ్ళు ముడుచుకున్నాయి. పునీత్ ముసిముసిగా నవ్వాడు. తర్వాత గ్లౌజు వేసి, దానిపైన ఆయన డోలు వాయించేటప్పుడు వేళ్ళకు పెట్టుకునే తొడుగులు పెట్టింది.

మా ఆయన వాయించాడు. అలా వాయించడం నేను పెళ్ళైన కొత్తలో కూడా వినలేదు. పీజీ పిల్లలు కిటికీల్లోంచి తొంగి చూశారు. పెద్దమునియప్ప తొడ మీద తాళం వేశాడు. అయిపోయాక సహన వెలిగిపోతున్న మొహంతో అందరినీ చూసింది.

పెద్దమునియప్ప గొంతు సవరించుకున్నాడు. "అయితే చేతిలో లోపమేమీ లేదు" అన్నాడు.

"లేదు తాతా, చేతిలో లేదు, అది మెదడులో..."

"లోపం లేదు కదా! నేను సెప్పింది అదే కదా!" బావ లేచి నిలబడ్డాడు. "రబ్బరు తొడిగితే వస్తాదంట, తీస్తే రాదంట. ఎవురి చెవిలో పువ్వు పెడతా ఉండావురా? వచ్చే చెయ్యిని పెట్టుకుని ఆ తల్లి తాళి దగ్గర నిలిపినావు. నా కూతురి చదువే నీ దొంగతనం బయటపెట్టినాది!"

"నాయనా, అది కాదు! ఇట్ల కావడమే రోగానికి గుర్తు!"

"సుమ్నే ఉండు నువ్వు, మాట్లాడొద్దు. పెద్దోళ్ళ మధ్య నీకేం పని?"

సహన ఇంకా ఏదేదో చెబుతూనే ఉంది. సగం ఇంగ్లీషు, సగం ఏడుపు. ఎవరూ వినలేదు. మా ఆయన గ్లౌజు తీసి డోలు మీద పెట్టి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన డోలు ముట్టుకోలేదు. నాతో కూడా సరిగా మాట్లాడలేదు. పొద్దున లేస్తే వరండాలో కూర్చుని తన చేతినే పగవాణ్ణి చూసినట్టు చూసేవాడు. నాకు భయం పట్టుకుంది. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవచ్చు. కానీ దొంగ అన్న మాటను ఆయన తనే నమ్మడం మొదలుపెట్టాడు. అది ఎలాగైనా పోగొట్టాలి.

జ్యేష్ఠం వచ్చింది. ఒక పొద్దున నేను హాలు ఊడుస్తున్నాను. బావ ఇంకా స్నానం చేయలేదు. పునీత్‌కు కొత్త కీర్తన నేర్పించాలని నాదస్వరం తీసి ఊరికే ఒక వరస ఊదబోయాడు. సగంలో ఆపేశాడు. చెయ్యి విదిలించాడు. "థూ" అని లేచి, దేవుడి గూట్లోంచి ఎర్ర దారం తెచ్చి వేలికి కట్టుకున్నాడు. అదే వరస మళ్ళీ ఊదాడు. నీళ్ళు పారినట్టు వచ్చింది.

ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ చూస్తున్నదే ఇది. ఆ రోజు మాత్రం మా ఆయన గ్లౌజు గుర్తొచ్చి చీపురు నా చేతిలోనే ఉండిపోయింది.

నేను సహనకు కూడా చెప్పలేదు. ఆషాఢానికి ముందు ఆఖరి ఆదివారం పెద్దమునియప్ప మళ్ళీ వస్తున్నాడని తెలిసింది. పునీత్‌ను ఖాయం చేస్తారట. వ్యాను మీద పునీత్ పేరు రాయిస్తారట! తోడబుట్టిన తమ్ముడికి లేని చోటు బామ్మరిదికి వచ్చేసింది. ఆ పొద్దున బావ స్నానానికి వెళ్ళినప్పుడు నేను గూట్లో చెయ్యి పెట్టాను. గంగమ్మ తల్లీ, కోపం వస్తే నా మీద చూపించుకో అనుకుని దారం పిడికిట్లో పెట్టుకున్నాను.

అందరూ కూర్చున్నారు. మా ఆయన్ని నేనే బలవంతంగా కిందికి తెచ్చాను. సహన గుమ్మం దగ్గర నిలబడింది. "ఒక కీర్తన వాయించి శుభంగా మొదలుపెట్టండప్పా" అన్నాడు పెద్దమునియప్ప. బావ గూడు తడిమాడు. పెట్టె తెరిచాడు. దిండు ఎత్తి చూశాడు. "యాడపాయె? ఎవురు తీసినారు? సావిత్రీ!" ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

"బావా" అన్నాను. "దారం నా దగ్గర ఉండాది."

పిడికిలి తెరిచి చూపించాను. సావిత్రమ్మక్క బుగ్గలు నొక్కుకుంది. "ముట్టుకున్నావా? దేవుని దారం!"

"దేవుని దారమే అక్కా. ఇస్తా. ఇది లేకుండా ఒక్క పల్లవి వాయించమను. సాలు. బావ చేతిలో లోపమేమీ లేదు కదా."

బావ నా వైపు చూసిన చూపుకు పాలు విరిగిపోతాయి. నేను చూపు తిప్పుకోలేదు. ఆయన నాదస్వరం అందుకున్నాడు, పెదాలకు ఆనించాడు. గాలి ఊదాడు. రెండు స్వరాలు వచ్చాయి. మూడో దానికి ఉంగరపు వేలు రంధ్రం మీద నిలవలేదు. కొక్కెంలా వంగి లోపలికి వచ్చేసింది. ఆయన నాదస్వరం ఒళ్ళో పెట్టుకుని, కుడిచేతిని పైపంచ కింద దాచుకున్నాడు.

పెద్దమునియప్ప మెల్లగా అన్నాడు. "ఆ దారం నేను కట్టింది కాదే రాజా. నీ పెండ్లైన కొత్తలో నువ్వే కట్టుకుని వస్తివి. భక్తి అనుకున్నా."

సహన వచ్చి తండ్రి ముందు కూర్చుంది. పైపంచ తొలగించి ఆ వేలిని పట్టుకుంది. ల్యాబులో మా ఆయన వేలిని ఎలా పట్టుకుందో అలాగే.

"ఎన్నేండ్ల నుంచి నాయనా?"

"నువ్వు పుట్టకముందు నుంచి" అన్నాడు బావ.

ఇక అందరూ ఊరుకుంటారనుకున్నాను. మా ఆయన ఊరుకోలేదు. అన్ని వారాలుగా మూసుకున్న నోరు అప్పుడు తెరిచాడు. అన్న ముందు నిలబడ్డాడు.

"నీకు తెలుసు. వేళ్ళు మన మాట వినకపోతే ఎట్లుంటాదో ఈ ఊళ్ళో తెలిసినోడివి నువ్వొక్కడివే. తెలిసి కూడా నన్ను దొంగ అన్నావా అన్నా?"

బావ తల ఎత్తలేదు.

"తెలిసే అన్నాను రా" అన్నాడు. "నీది వేషం కాకపోతే నాది రోగమైపోతాది."

పునీత్ డోలు సంచిలో పెట్టుకున్నాడు. నేను దారాన్ని బావ ముందు చాప మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళాను. గెలిచానని సంబరపడాలనుకున్నాను, పడలేకపోయాను. కోపం మాత్రం పోలేదు, ఇప్పటికీ పోలేదు.

ఆషాఢంలో ముహూర్తాలుండవు. సహన అన్నదమ్ములిద్దరినీ ల్యాబుకు రమ్మంది. గ్లౌజు అప్పటికే మా ఆయనకు సగం సగమే పనిచేస్తోంది. మళ్ళీ మొదటి నుంచి, ఒక్కో వేలికి విడివిడిగా నేర్పించాలట. ఎంతకాలం పడుతుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేనంది. ఒకే ఆటోలో వెళ్ళాం. ఇద్దరూ రెండు పక్కలకు చూస్తూ కూర్చున్నారు, మధ్యలో నేను. సిల్క్ బోర్డు కూడలి దగ్గర ట్రాఫిక్‌లో అంతసేపు ఇరుక్కున్నా తలలు ఇటు తిప్పలేదు.

ల్యాబు బయట బెంచీకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. సహన తలుపు తీసి, "ముందు ఎవురు?" అంది.

"పెద్దోణ్ణి నేనే కదా" అంటూ బావ లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. వేలికున్న దారం విప్పి, వెనక్కి వచ్చి, మొహం చూడకుండా తమ్ముడి ముందు చెయ్యి చాపాడు.

"పట్టుకో" అన్నాడు.

మా ఆయన కాసేపు ఆ దారాన్ని చూశాడు. తర్వాత అందుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. తిరిగి ఇచ్చాడో లేదో నేను అడగలేదు.